పరీక్ష ముందు, సూది తరువాత

సూరతు నుండి అహమ్మదాబాదు వైపు పోవు రైలుమార్గముపై కిమ్ అను చిన్న పట్టణము కలదు. సూరతు ప్రాంతపు మరమగ్గములను నమ్ముకొని తెలంగాణము నుండి వలసపోయిన పద్మశాలి కుటుంబములు ఆ జిల్లాలో అనేకము నివసించుచున్నవి. మగ్గము నొద్ద దినమునకు పండ్రెండు గంటలు నిలుచుండువానికి నడుమునొప్పి, మెడనొప్పి క్రొత్తవి కావు. అట్టివాడు "ఆక్యుపంక్చరు చేయించుకొనవచ్చునా?" అని అడిగినచో, నేను మొదట వేయు ప్రశ్న యిది: "నీ నొప్పికి కారణమేమో వైద్యుడు పరీక్షించి చెప్పినాడా?"

వైద్యపత్రములను తెనిగించుట నా వృత్తి. ఈ విషయమున నాకు మొదట అడ్డుపడినవి మాటలే. మన ఊళ్ళలో "సూది" యన్నచో మందెక్కించు ఇంజెక్షనని అర్థము. ఆక్యుపంక్చరు సూది వెండ్రుకవలె సన్ననిది. దానికి రంధ్రము లేదు. దాని ద్వారా ఏ మందును ఎక్కింపరు. కావున "సూదిమందు" అనుట తప్పు. అంతకంటె ప్రమాదకరమైనది "ప్రత్యామ్నాయ వైద్యము" అను మాట. ఒకదానిని విడిచి మఱియొకదానిని పట్టుకొమ్మని అది రోగికి సూచించును. "అనుబంధ చికిత్స" యనుటయే యుక్తమని నా అభిప్రాయము.

ఈ విద్య మన దేశమునకు వచ్చినదియు ఆధునిక వైద్యుల చేతిమీదుగనే. 1938లో చైనాకు వెళ్ళిన అయిదుగురు భారతీయ వైద్యులలో షోలాపూరున జన్మించిన ద్వారకానాథ్ కోట్నీస్, బెంగాలీయుడైన బిజయ్ కుమార్ బసు ఉండిరి. కోట్నీస్ 1942లో అచ్చటనే మరణించెను. బసు తరువాతి కాలమున చైనాలో ఆక్యుపంక్చరు నభ్యసించి, 1959లో దానిని మన దేశమునకు తెచ్చెను. పశ్చిమ బెంగాలు 1996లో దీనికై చట్టము చేసినది. 2019లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ దీనిని స్వతంత్ర చికిత్సా విధానముగా గుర్తించినది. స్వతంత్రమనగా ఒంటరి యని అర్థము కాదు.

ఇది నిజముగా పనిచేయునా? జర్మనీలో 1,162 మంది నడుమునొప్పి రోగులపై జరిపిన పరీక్ష ఫలితములు 2007లో ప్రకటింపబడినవి. ఆరు నెలల పిదప ఆక్యుపంక్చరు పొందినవారిలో నూటికి సుమారు 48 మందికి, మందులు వ్యాయామములతో కూడిన సాధారణ చికిత్స పొందినవారిలో 27 మందికి మేలు కలిగెను. అయితే, శాస్త్రోక్త స్థానములను విడిచి పైపైన సూదులు గ్రుచ్చబడినవారిలోను 44 మందికి మేలు కలిగెను! ఈ రెండవ సంగతిని దాచి మొదటిదానినే చాటుట సత్యము కాదు. రెండవదానిని చూపి మొదటిదానిని త్రోసివేయుటయు న్యాయము కాదు. కొందఱి నొప్పికి ఉపశమనము కలుగుచున్నది. దాని కారణము ఇంకను విచారణలో నున్నది. అంతమాత్రమున ఇది సర్వరోగనివారిణి కాదు.

ఉపశమనమునందే ఒక అపాయమును కలదు. వెన్నెముకకు సోకిన క్షయ తొలుత వట్టి నడుమునొప్పి వలెనే కనిపించును. సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, కాళ్ళలో బలము సన్నగిల్లుట, మూత్రము పట్టు తప్పుట మున్నగు లక్షణములున్నచో ఆలస్యము చేయరాదు. సూదులతో నొప్పి కొంత తగ్గెనని ఆ కార్మికుడు మరల మగ్గము నొద్దకు పోయినచో, రోగము లోలోపల ఎముకను తినివేయుచుండును. నెలలు గడచి కాళ్ళు పడిపోయిన పిమ్మట చింతించి ఫలమేమి? అతని సంపాదనపైననే ఇల్లంతయు ఆధారపడియుండును గదా!

కావున రెండు వైద్యములును ఒకే కప్పు క్రింద, ఒకే రోగిపత్రముపై నడువవలెను. మొదట వైద్యుడు పరీక్షించి, అవసరమైనచో ఎక్సురే తీయించి, కారణమును నిర్ణయింపవలెను. పిదప తగినవారికి వ్యాయామములతోపాటు ఆక్యుపంక్చరు చేయవచ్చును. క్షయ, మధుమేహము, రక్తపుపోటు మందులను వైద్యుని అనుమతి లేక మానరాదు. గర్భిణులును, రక్తమును పలుచన చేయు మందులు వాడువారును ఆ సంగతిని ముందే తెలుపవలెను. సూది ఒక్కసారి వాడి పారవేయునదియే కావలెను. రొమ్ముపై లోతుగా దిగిన సూది ఊపిరితిత్తికి తగులవచ్చును; కావున శరీరనిర్మాణము తెలియనివాని చేతికి సూదినీయరాదు.

బోధనలోను ఇదే మేళవింపు అవసరము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ప్రకటించిన మార్గదర్శకములలో, వైద్యవిద్య లేనివారికి 2,500 గంటల శిక్షణయు, ఆక్యుపంక్చరును పరిమితముగా వాడదలచిన వైద్యులకు కనీసము 200 గంటల శిక్షణయు సూచింపబడెను. వారము దినముల తరగతితో పట్టా పుచ్చుకొని వచ్చినవానిని నమ్మవలసిన పనిలేదు. సూదివైద్యుడు వెన్నెముక క్షయను అనుమానించుట నేర్వవలెను. ఆధునిక వైద్యుడు ఆక్యుపంక్చరు ఎవరికి ఉపకరించునో, ఎవరికి ఉపకరింపదో నేర్వవలెను. ఇరువురును ఒకే రోగిని చూచి, ఒకరి సందేహమును మఱియొకరు విని నేర్చిననాడే అది నిజమైన విద్య యగును.

మగ్గముపై పడుగు ఒక్కటే వస్త్రము కాదు, పేక ఒక్కటే వస్త్రము కాదు. అయినను పడుగు ముందు సాగియుండవలెను. చికిత్సయందు రోగనిర్ణయము పడుగు వంటిది. నేతవృత్తివారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు.