చచ్చిన కొండకి చలనం!

1974 ఏప్రిల్ 1. అలాస్కాలోని సిట్కా ఊరి జనం పొద్దున్నే కిటికీలోంచి చూసి నోరెళ్లబెట్టారు. సముద్రానికి ఆవల ఉన్న ఎడ్జ్‌కంబ్ కొండ శిఖరం నుంచి నల్లటి పొగ! ఎన్నడో చల్లారిపోయిందనుకున్న అగ్నిపర్వతమాయె... కంగారుపడరూ? తీరరక్షక దళంవాళ్లు గాల్లోంచి వెళ్లి చూస్తే ఏముంది, బిలంలో కాలుతున్న పాత టైర్లు, పక్కనే మంచుమీద పెద్ద పెద్ద అక్షరాలతో 'ఏప్రిల్ ఫూల్'! పోర్కీ బికార్ అనే స్థానికుడు హెలికాప్టర్లో టైర్లు మోయించి మరీ చేసిన ఆకతాయి పని అది.

అసలు సంగతి 48 ఏళ్ల తర్వాత మొదలైంది. 2022 ఏప్రిల్ 11న ఆ కొండకింద చిన్నచిన్న భూకంపాలు వరసకట్టాయి. ఒకటీ రెండూ కాదు, వందలు! ఆ దాపునే సముద్రం అడుగున పెద్ద భ్రంశరేఖ ఉంది కాబట్టి భూమి కదలడం సిట్కావాళ్లకి కొత్తేం కాదు. మరి ఈ ప్రకంపనలు దానివా, కొండవా? చెబుదామంటే కొండమీద ఒక్క పరికరమూ లేదు. ఉన్నవాటిలో దగ్గరిది పాతిక కిలోమీటర్ల దూరాన, ఊళ్లో ఉంది. లేవదనుకున్న కొండకి కాపలా ఎవరు పెడతారు చెప్పండి!

అప్పుడు ఉపగ్రహాల పాత రాడార్ చిత్రాలు తిరగేశారు. 2018 ఆగస్టు నుంచే అక్కడి నేల ఉబ్బుతోందని తేలింది. అదీ కొంచెం కాదు, మొత్తం 27 సెంటీమీటర్లు... అంటే జానెడు పైనే! దాదాపు 20 కిలోమీటర్ల లోతునుంచి కరిగిన శిలాద్రవం 10 కిలోమీటర్ల లోతుకి ఎగబాకిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అది రాతిపొరల మధ్య ఇరుక్కుంటూ దారి చేసుకుంటుంటే రాళ్లు చిట్లుతాయి. ఒక్కో చిట్లుడూ ఒక్కో బుల్లి భూకంపం. మూడున్నరేళ్లపాటు కొండ లోలోపల ఇంత హంగామా చేస్తుంటే ఎవరికీ తెలియనేలేదు!

అక్కడి ట్లింగిట్ తెగ పెద్దల మాటల్లో మాత్రం, సుమారు 800 ఏళ్ల కిందట ఆ కొండ నిప్పూ పొగా కక్కిన జ్ఞాపకం ఇంకా ఉంది. చల్లారిందన్నవాళ్లు వాళ్లనొక్కసారి అడిగుంటే బావుండేది.

అలాగని రేపోమాపో పేలుతుందని కాదు. పైకొచ్చిన శిలాద్రవం చాలాసార్లు మధ్యలోనే ఆగి గట్టిపడిపోతుంది. ఇప్పుడు కొండమీదే భూకంప పరికరాలూ, నేల ఉబ్బుని కొలిచే జీపీఎస్ యంత్రాలూ పెట్టారు. శిలాద్రవం ఇంకా పైకి వస్తే, ముందుగా తక్కువ లోతులో ప్రకంపనలు మొదలవుతాయి. సిట్కావాళ్లకి అదే హెచ్చరిక గంట.