తేదీ వేరు, క్షణం వేరు

మదనపల్లె వాసులకు 1919 ఫిబ్రవరి 28 చిరస్మరణీయమైన తేదీ. విశ్వకవి రవీంద్రుడు ఇక్కడి థియోసాఫికల్ కళాశాలలో అతిథిగా ఉన్న రోజుల్లో ‘జనగణమన’కు ఆంగ్లానువాదం చేసిన ప్రతిపై కనిపించే తేదీ అది. ఇటీవల మా విద్యార్థి ఒకడు ఊరి చరిత్రను గూర్చి ఒక వెబ్ పుటను తయారుచేసి మాకు చూపించగా, అందులో ఆ తేదీ ఫిబ్రవరి 27గా ఉన్నది. కుర్రవాడు పుస్తకాన్ని సరిగానే చూశాడు, సరిగానే టైపు చేశాడు. ఒక రోజును మింగినది సర్వర్.

జరిగినదేమంటే, అతడు వ్రాసిన స్క్రిప్టు తేదీని తేదీగా భద్రపరచలేదు. ‘ఫిబ్రవరి 28, అర్ధరాత్రి 12 గంటలు’ అనే ఒక క్షణంగా మార్చి భద్రపరచింది. సర్వర్ గడియారమేమో యు.టి.సి. అనబడే అంతర్జాతీయ కాలమానంలో నడుస్తున్నది. భారత కాలం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందున్నది. కనుక మన 28వ తేదీ తొలి క్షణం ఆ లెక్కలో 27వ తేదీ సాయంకాలం ఆరున్నర. స్క్రిప్టు గంటలను తుంచివేసి, మిగిలిన తేదీని మాత్రం ముద్రించింది.

కవిగారి తేదీ తప్పితే నవ్వుకొని దిద్దుకుంటాము. కాని ఇదే తీరున జూలై 1న పుట్టిన బిడ్డ జూన్ 30న పుట్టినట్లు దరఖాస్తులో నమోదైతే? మార్కుల పత్రంలో ఒక తేదీ, ఆన్‌లైన్ దరఖాస్తులో మరొక తేదీ ఉన్న విద్యార్థి కార్యాలయాల చుట్టూ ఎన్నిసార్లు తిరగవలసి వస్తుందో అధ్యాపకులందరికీ తెలిసినదే. పుట్టినతేదీ క్షణం కాదు. దానికి గంట లేదు, నిమిషం లేదు, టైమ్ జోన్ అంతకన్నా లేదు. సంవత్సరం, నెల, రోజు అనే మూడు అంకెలుగానే దానిని ఉంచాలన్నది మా నిశ్చితాభిప్రాయం.

మరొక చిక్కు గీతలలో ఉన్నది. పి.హెచ్.పి. భాషలో తేదీని వాలుగీతలతో వ్రాస్తే అమెరికా వారి పద్ధతిలో నెల ముందనీ, అడ్డగీతలతో వ్రాస్తే రోజు ముందనీ గ్రహించే ప్రమేయం ఒకటి ఉన్నది. వాలుగీతలతో 05/06/2006 అని ఇస్తే జూన్ 5 కాస్తా మే 6 అవుతుంది. 13/06/2006 అని ఇస్తే పదమూడవ నెల లేదు గనుక ఆ ప్రమేయం చేతులెత్తేస్తుంది. ఆ వైఫల్యాన్ని గమనించని స్క్రిప్టు 1970 జనవరి 1 అని చూపిస్తుంది. యంత్రాలు సెకన్లను లెక్కించడం మొదలుపెట్టేది ఆ తేదీ నుండే. ఏ జాబితాలోనైనా నేటి విద్యార్థి 1970లో జన్మించినట్లు కనిపిస్తే కారణం ఇదేనేమో చూడవచ్చు.

ఆ విద్యార్థే తరువాత ఒక మసీదు కోసం రంజాన్ సమయపట్టికను తయారుచేశాడు. తొలి రోజా నాడు తెల్లవారుజామున అయిదు గంటలకు సహరీ కోసం లేచినవారు ఫోన్లలో చూస్తే, రంజాన్ రేపు ప్రారంభమని ఉన్నది! అర్ధరాత్రి నుండి ఉదయం ఐదున్నర వరకు యు.టి.సి. సర్వర్‌కు మన నిన్నటి తేదీయే. సహరీ వేళ సరిగ్గా ఆ గంటలలోనే వస్తుంది. ఆ తొలినాడు తెలియకపోయి ఉంటే నెలంతా తెలిసేది కాదేమో. పక్కపక్క రోజుల సమయాలకు నిమిషానికి మించి తేడా ఉండదు గదా!

‘సార్, ఏషియా/కోల్‌కతా అని ఒక్క వరుస వ్రాస్తే చాలు’ అన్నాడు. చాలదు. ఆ వరుస అవసరమే. సర్వర్ ఏ దేశంలో ఉన్నదో దాని దయకు మనం వదలరాదు. కాని భారత కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి కట్టినది. మదనపల్లె సుమారు 78.5 డిగ్రీల మీద ఉన్నది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మన సూర్యుడు గడియారం కంటే 16 నిమిషాలు వెనుక. పుంగనూరు, కుప్పం లెక్క కూడా ఇంచుమించు అంతే. చెన్నై మనకు తూర్పున ఉన్నది గనుక అక్కడ సూర్యుడు సుమారు 7 నిమిషాలు ముందే అస్తమిస్తాడు. టైమ్ జోన్ ఒకటే కదా అని చెన్నై పట్టికను కుప్పంలో వాడితే, దినమంతా పట్టిన రోజా పొద్దు ఉండగానే విడిచినట్లు అవుతుంది. హైదరాబాదు మన రేఖాంశం మీదనే ఉన్నా ఉత్తరాన ఉన్నందున వేసవిలో అక్కడ సూర్యాస్తమయం ఆలస్యం, చలికాలంలో ముందు. టైమ్ జోన్ ప్రభుత్వాల ఒప్పందం. మగ్రిబ్ సూర్యుని మాట. ఊరి అక్షాంశ రేఖాంశాలను స్క్రిప్టుకు ఇవ్వక తప్పదు.

ఇక నిజంగా క్షణాలైనవి, అంటే రుసుము చెల్లించిన వేళ, దరఖాస్తు అందిన వేళ వంటివి, యు.టి.సి.లోనే భద్రపరచి, చూపేటప్పుడు చూచేవారి కాలంలోకి మార్చడం ఉత్తమం. మన ప్రాంతం నుండి కువైట్ వెళ్లిన తండ్రికి అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. రాత్రి 12 గంటలకు గడువు ముగుస్తుందని మాత్రమే వ్రాస్తే ఆయన ఏ 12 అనుకోవాలి? జోన్‌ను అయిదున్నర అనే అంకెతో గాక పేరుతో వ్రాయడం మేలు. అమెరికాలో ఆ అంకె ఏటా రెండుసార్లు మారుతుంది. మన దేశంలోనే యుద్ధకాలంలో 1942 నుండి 1945 వరకు గడియారాలను ఒక గంట ముందుకు జరిపి ఉంచారు. 1906కు పూర్వం రైళ్లు మద్రాసు కాలంతో నడిచేవి. ఈ చరిత్ర అంకెలో లేదు, పేరు వెనుక ఉన్న పట్టికలో ఉన్నది.

పంచాంగానికి దినం సూర్యోదయంతో, హిజ్రీకి సూర్యాస్తమయంతో, ప్రభుత్వానికి అర్ధరాత్రితో మొదలవుతుంది. నెలవంక మాటకు వస్తే ఏ ప్రమేయమూ పనికిరాదు. ఇరవై తొమ్మిదో రోజా తరువాతి వరుసను కూడా స్క్రిప్టు చేతనే నింపించాలని మా విద్యార్థి మొదట అనుకున్నాడు. మేము వారించాము. ఈద్ తేదీ గడిని అతడు ఇప్పుడు ఖాళీగా ఉంచుతున్నాడు. నెలవంక కనిపించినట్లు ప్రకటన వచ్చిన పిమ్మట, ఆ రాత్రి మసీదులో ఎవరో ఒకరు చేత్తో నింపుతారు.