తాళం వేసిన పలక: తాళంచెవి ఎవరి వద్ద?

బళ్లారి తూర్పు సరిహద్దున ఉన్న రూపనగుడి, మోకా, చేళ్లగుర్కి వంటి గ్రామాలలో బంధుత్వాలకు రాష్ట్రాల హద్దు ఎన్నడూ అడ్డు కాలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. మేనమామ ఇల్లు అటు, మేనత్త ఇల్లు ఇటు మిగిలాయి. నేటికీ విడపనకల్లు, డి.హీరేహాళ్ మండలాల బడులలో పదవ తరగతి ముగించిన పిల్లలు కొందరు పి.యు.సి. చదువుకై బళ్లారికి వచ్చి బంధువుల ఇళ్లలో ఉంటారు. అటువంటి పిల్లల సంచులలో ఇటీవలి సంవత్సరాలలో ఒక వస్తువు కనిపిస్తున్నది. అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన ట్యాబు. పిల్లవానితో పాటు ట్యాబు హద్దు దాటింది. దానికి వేసిన తాళమూ హద్దు దాటింది. ఆ తాళం తీయగలిగిన వ్యవస్థ మాత్రం ఆవలే ఉండిపోయింది.

2022 డిసెంబరు 21న నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఈ పంపిణీని ప్రారంభించారు. ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, వారికి బోధించే ఉపాధ్యాయులకు కలిపి సుమారు 5.18 లక్షల ట్యాబులు అందజేశారు. శామ్‌సంగ్ సంస్థ తయారుచేసిన 8.7 అంగుళాల పరికరమది. అందులో బైజూస్ సంస్థ పాఠాలు నింపి ఇచ్చారు. సరిగ్గా ఏడాదికి, 2023 డిసెంబరు 21న, రెండవ విడతగా సుమారు 4.34 లక్షల మంది విద్యార్థులకు ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారిన పిమ్మట మూడవ విడత జరగలేదు.

పాఠాలిచ్చిన సంస్థ సంగతి పత్రికలు చదివేవారికి తెలిసినదే. క్రికెట్ బోర్డుకు చెల్లించవలసిన సుమారు 158 కోట్ల రూపాయల బకాయి విషయంలో, 2024 జులై 16న జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ బెంగళూరు ధర్మాసనం ఆ సంస్థపై దివాలా ప్రక్రియకు అనుమతించింది. అప్పీలులో అది కొన్నాళ్లు ఆగినా, 2024 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మళ్లీ ముందుకు సాగింది. ఇక మొదటి విడత పిల్లలు 2025 మార్చిలోనే పదవ తరగతి పరీక్షలు రాశారు.  అంటే, ఏ పని కొరకు పరికరానికి తాళం వేశారో ఆ పని తీరిపోయింది. తాళం మాత్రం మిగిలింది.

ఆ తాళం ఎందుకు వేశారన్న ప్రశ్నకు ప్రభుత్వం నాడే సమాధానం చెప్పింది. పిల్లలు అనవసరమైనవి చూడకుండా, ఏమి చూస్తున్నారో ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు తెలిసేలా ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అమర్చామన్నది. పదమూడేళ్ల పిల్లల చేతికి ఇచ్చే పరికరానికి హద్దులుండడం తప్పు కాదు. దానిని తప్పుపట్టే తండ్రి ఏ ఊరిలోనూ ఉండడు. అయినా పంపిణీ జరిగిన కొద్ది నెలలకే పలుచోట్ల పిల్లలు ఆ తాళాన్ని ఛేదించి సినిమాలు, ఆటలు చూస్తున్నారని వార్తలు వచ్చాయి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటున్నది. ఇటువంటి పరికరంలో తాళం ఒక్కటి కాదు. ప్రభుత్వం అమర్చిన నిఘా సాఫ్ట్‌వేర్ పైతాళం. దాని కింద గూగుల్ ఖాతా తాళం ఉంటుంది. పరికరాన్ని అనధికారికంగా తుడిచివేస్తే, మునుపటి ఖాతా సంకేతపదం చెప్పనిదే అది తెరుచుకోదు. అన్నిటికన్నా లోపల తయారీదారుని తాళం ఉన్నది. మీట నొక్కగానే పరికరాన్ని మేల్కొలిపే చిన్న కార్యక్రమాన్ని బూట్‌లోడర్ అంటారు. తన ఎదుట ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌పై తయారీదారుని సంతకం ఉన్నదా లేదా అని అది పరిశీలిస్తుంది. సంతకం లేని వ్యవస్థను లోపలికి రానివ్వదు. పిల్లలు ఛేదించినది చాలావరకు పైతాళమే. ట్యాబులోని వ్యవస్థనే మార్చి వేరొక ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలంటే మూడవ తాళం వద్దకు పోవాలి.

అక్కడి పని బజారులో అనుకున్నంత తేలిక కాదు. మొబైల్ దుకాణాలవారు దీనిని 'సాఫ్ట్‌వేర్ కొట్టడం' అంటారు. కంపెనీ వ్యవస్థనే మళ్లీ ఎక్కించడం ఒకటి, పరాయి వ్యవస్థను ఎక్కించడం మరొకటి. రెండింటికీ అదే మాట వాడడం వలన ఇంటివారు మోసపోతారు. బూట్‌లోడర్ తెరిచిన క్షణాన పరికరంలోని ఫోటోలు, పాఠాలు, నంబర్లు అన్నీ చెరిగిపోతాయి. ఎక్కించే వ్యవస్థ సరిగ్గా ఆ నమూనాకే తయారైనది కావాలి. పక్క నమూనాది ఎక్కిస్తే 'సెట్టు డెడ్' అన్న మాట వినవలసి వస్తుంది. శామ్‌సంగ్ పరికరాలలో అనధికార వ్యవస్థ ఎక్కిందన్న గుర్తు లోపలి చిప్పులో శాశ్వతంగా పడిపోతుంది, మళ్లీ పాతది ఎక్కించినా అది చెరగదు. ఆపైన, తాళం తెరిచిన పరికరాన్ని చాలా బ్యాంకు యాప్‌లు, చెల్లింపు యాప్‌లు నమ్మవు. మిరప అమ్మిన డబ్బు ఫోనులోకి వచ్చే ఇంట్లో, ఆ ఒక్క ఫోనుపై ఈ ప్రయోగం చేయడం తెలివైన పని కాదు. బీరువాలో పడివున్న రెండవ పరికరం సంగతి వేరు.

ఇన్ని చిక్కులున్నప్పుడు వేరొక వ్యవస్థ ఊసే ఎందుకని అడగవచ్చు. దీనికి మన దేశపు ఫోను ఒకటి సమాధానం చెబుతుంది. 2014 డిసెంబరులో మైక్రోమ్యాక్స్ సంస్థ యురేకా అనే ఫోనును 8,999 రూపాయల ధరకు ప్రకటించింది. ఆండ్రాయిడ్ మూలాన్ని తీసుకొని సైనోజెన్ అనే సంస్థ రూపొందించిన వ్యవస్థ అందులో ఉండేది. రెండేళ్లకే ఆ సంస్థ తన సేవలను నిలిపివేసింది. మామూలుగానైతే ఫోను కథ అక్కడితో ముగియాలి. కానీ దాని మూలం బహిరంగంగా ఉన్నందున ఔత్సాహికులు 2016 డిసెంబరులోనే లీనియేజ్ ఓఎస్ పేరుతో పనిని అందుకున్నారు. కంపెనీ వదిలేసిన ఫోన్లకు కొత్త వ్యవస్థ, కొత్త భద్రతా సవరణలు కొన్నాళ్లపాటు వచ్చాయి. సంస్థ పోయినా వస్తువు బ్రతికింది. ట్యాబుల విషయంలో అందుకు భిన్నంగా జరుగుతున్నది. వస్తువు బాగానే ఉన్నది, దాని బ్రతుకు మాత్రం ఇతరుల చేతిలో చిక్కుకున్నది.

ఈ చిక్కు ట్యాబులకే పరిమితం కాదు. కంతుల మీద ఫోను కొన్నవారికి ఒక నెల కంతు తప్పితే ఫోనే మూసుకుపోయే తాళం ఉంటుందని ఊళ్లలో ఇప్పటికే తెలిసివచ్చింది. తయారీదారులు కూడా తలుపు మరింత బిగిస్తున్నారు. బూట్‌లోడర్ తెరిచే వీలును శామ్‌సంగ్ 2025లో వన్ యు.ఐ. 8 వ్యవస్థతో వచ్చిన కొత్త ఫోన్లలో తొలగించింది. దొంగతనాలకు, మోసపూరిత యాప్‌లకు ఇది అడ్డుకట్ట అన్న వాదనలో సత్యం లేకపోలేదు. తాళం లేని ఇల్లు ఎవరికీ మంచిది కాదు. అయితే ఇల్లు అమ్మినవాడు తాళంచెవిని తన జేబులోనే ఉంచుకుంటే కొన్నవానిని యజమాని అనగలమా?

మన చట్టం ఇంతవరకు ఈ ప్రశ్న దగ్గరకు రాలేదు. 2022 అక్టోబరు 20న కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌పై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆండ్రాయిడ్‌ను మార్చి సొంత వ్యవస్థ చేసుకునే కంపెనీలకు అడ్డు తగలరాదని చెప్పింది. అది ఫోను తయారుచేసేవారికి దక్కిన స్వేచ్ఛ, ఫోను కొన్నవారికి కాదు. అదే ఏడాది డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. వ్యవసాయ యంత్రాలు, మొబైళ్లు, వాహనాలు, గృహోపకరణాలు దాని పరిధిలోనికి వచ్చాయి. ట్రాక్టరూ సెల్లూ ఒకే పట్టికలో చేరడం రైతు ఇంటికి అర్థమయ్యే సంగతే. కానీ అక్కడ దొరికేది విడిభాగాల, వారంటీల సమాచారం. సాఫ్ట్‌వేర్ తాళం ఆ లెక్కలోకి రాలేదు. 2023 జనవరిలో కేంద్రమంత్రులు పరీక్షించి చూపిన భారోస్, మద్రాసు ఐ.ఐ.టి. ఆవరణలో పుట్టిన స్వదేశీ వ్యవస్థ. అది కూడా గోప్యత అవసరమైన సంస్థల కొరకు ఉద్దేశించినదే.

పొరుగున కేరళ ఈ విషయంలో ముందుచూపు చూపింది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లలో దాదాపు రెండు దశాబ్దాలుగా లినక్స్ ఆధారిత స్వేచ్ఛా వ్యవస్థను వాడుతున్నారు. కైట్ అనే ప్రభుత్వ సంస్థ దానిని పాఠాలకు అనువుగా మలచి ఇస్తున్నది. ఒక ప్రైవేటు సంస్థ మూతపడితే అక్కడి కంప్యూటరు మూగబోదు. ట్యాబు, కంప్యూటరు ఒకటి కావన్నది నిజమే. అయినా కొనుగోలు ఒప్పందం రాసేనాడే 'కాలపరిమితి తీరగానే తాళాలన్నీ తీసి ఇవ్వాలి' అన్న ఒక వాక్యం చేర్చడానికి ఏ సాంకేతిక అడ్డంకీ లేదు. సుమారు తొమ్మిదిన్నర లక్షల పరికరాలు కొనేవాడు అడిగితే కాదనే తయారీదారుడు ఉండడు. ఒక్క ట్యాబు పట్టుకొని దుకాణానికి పోయే తండ్రి మాటకు ఆ బలం లేదు.

ఇప్పటికైనా ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ పదవ తరగతి ముగించినవారి ట్యాబుల నుండి నిఘా సాఫ్ట్‌వేర్‌ను అధికారికంగా తొలగించే ఏర్పాటు చేయాలి. ఆ పైతాళం ఒక్కటి తొలగినా, ట్యాబులోని మామూలు ఆండ్రాయిడ్‌తోనే పి.యు.సి. విద్యార్థి కన్నడ నిఘంటువు, ఉచిత పాఠాలు దించుకోగలడు. లోపలి తాళం జోలికి పోనక్కరే ఉండదు, డెడ్ అవుతుందన్న భయమూ ఉండదు. రెండవ విడత పిల్లలు పదవ తరగతి రాసేది 2026లో. టి.సి. కొరకు ఆవలి బడికి వెళ్లే రోజున ట్యాబును, దాని పెట్టెను వెంట తీసుకుపోయి ప్రధానోపాధ్యాయునికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలుపై సంతకం తీసుకోవడం మేలు. హద్దు దాటి వచ్చిన తరువాత ఆ అర్జీకై మళ్లీ బస్సెక్కాలంటే ఒక రోజు కూలి పోతుంది.