నీటిమీది సాక్షి

మొన్న సాయంకాలం మా మనవణ్ణి వెంటబెట్టుకుని నాచారం నుంచి ఉప్పల్ నల్లచెరువు గట్టుకు షికారు వెళ్లాను. నీళ్లలో ఒక కొబ్బరి బొండాం, ఒక ఖాళీ సీసా పక్కపక్కనే తేలుతున్నాయి. ఇంతలో గాలి విసిరింది. సీసా పరుగందుకుంది, బొండాం మాత్రం బద్ధకంగా ఊగుతోంది.

"అదొక్కటే ఎందుకు పారిపోయింది తాతయ్యా?" అన్నాడు వాడు.

"సీసా నీటిపైన ఉంది, గాలికి దొరికింది. బొండాం సగానికి పైగా మునిగి ఉంది, నీరెటు లాగితే అటే."

సముద్రంలో విమానం కూలితే వెతికేవాళ్ల చిక్కు కూడా ఇదే. గాలి గంటకు 30 కిలోమీటర్లు వీస్తోందనుకోండి. అందులో నూటికి మూడు పాళ్లు అందుకునే ముక్క రోజుకు దాదాపు 22 కిలోమీటర్లు పోతుంది. రెండు పాళ్లే అందుకునేది 14. పది రోజుల్లో వాటి మధ్య డెబ్బై కిలోమీటర్ల ఎడం! ప్రవాహం సంగతి వేరే. అందుకే లెక్కలు కట్టేవారు ఒక్క గీత గీయరు. కంప్యూటరులో వేల ఊహా శకలాలను వదిలి, అవి ఎక్కడ గుమిగూడతాయో చూస్తారు.

2014 మార్చి 8న 239 మందితో మాయమైన మలేషియా విమానం రెక్క ముక్క ఒకటి 2015 జులైలో రీయూనియన్ దీవికి కొట్టుకొచ్చింది. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు మొదట నమూనాలు తేల్చి చూశారు. తరువాత అదే రకం అసలు ముక్కను తెచ్చి, విరిగినట్టే కోసి నీట వదిలితే అది ఇంకా వేగంగా, గాలిదారికి ఎడమగా సాగింది. లెక్క మారింది. అయినా దొరికింది ఒక ప్రాంతమే గాని, ఒక చుక్క కాదు.

మన నగరానికి అవతలి కొసన, ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ 2016లో 'సారత్' అనే సాధనం తెచ్చింది. తప్పిపోయిన పడవో మనిషో చివర ఎక్కడ, ఎప్పుడు కనిపించిందీ చెబితే, ఎక్కడ వెతకాలో పటం చూపుతుంది.

అదే ఏడు జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతంలో గల్లంతైంది. వారిలో 8 మంది విశాఖ నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు. సాక్ష్యం చెప్పడానికి తేలే ముక్క ఒక్కటీ దొరకలేదు. 2024 జనవరిలో గాని, 3,400 మీటర్ల లోతున శకలాల ఛాయాచిత్రాలు బయటికి రాలేదు. అన్నేళ్లూ ఆ ఇళ్లలో తలుపు చప్పుడైతే ఎవరి గుండె ఎలా కొట్టుకుందో!

"ఇప్పుడా సీసా ఎక్కణ్ణుంచి బయలుదేరిందో చెప్పగలవా తాతయ్యా?" అన్నాడు మనవడు.

"ఆ వైపు నుంచని చెప్పగలనురా. ఫలానా రాయి దగ్గర నుంచని అంటే మాత్రం అబద్ధమాడినట్టే."