సముద్రానికి దసరా సెలవులు తెలియవు



పోయిన ఆదివారం సమావేశంలో అండమాన్ ప్రయాణం సంగతి తేలకుండానే టీలు వచ్చేశాయి. తేదీ విషయంలో నేను అడ్డం పడ్డానని కొందరికి కోపంగా ఉందని తర్వాత తెలిసింది. "ఆయనెప్పుడూ అంతే, మంచి పనికి బయల్దేరేటప్పుడు తుమ్ముతాడు" అని ఒకరన్నారట. తుమ్మిన మాట నిజమే. ఎందుకు తుమ్మానో అక్కడ అయిదు నిమిషాల్లో చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

సమావేశానికి రానివాళ్ల కోసం ముందు విషయం చెప్తాను. మన బరంపురం కుటుంబాలు కొన్ని కలిసి దసరా సెలవుల్లో అండమాన్ వెళ్లాలని, అక్కడ ఒక తెరచాప పడవని సరంగుతో సహా అద్దెకు తీసుకుని ఆరు రోజులు దీవి నుంచి దీవికి తిరగాలని ఆలోచన. వంట పడవలోనే, నిద్ర పడవలోనే. ఈ ఆలోచన చేసిన కుర్రాళ్లను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఎంతకాలమని వనభోజనాలంటే తారాతారిణి, లేదంటే తప్తపాణి? వెళ్లాల్సిందే. పేరు ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. నా అభ్యంతరమల్లా దసరా మీదే.

2013 అక్టోబర్ 12 రాత్రి మీరెక్కడున్నారో ఎవరైనా మర్చిపోయారా? ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది ఆ రాత్రే. గాలి గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. దుర్గాపూజ పందిళ్లు ఎటు ఎగిరిపోయాయో తెలియలేదు. మా ఇంట్లో తలుపుకి బీరువా అడ్డం పెట్టి, పిల్లల్ని మధ్య గదిలో కూర్చోబెట్టి తెల్లవార్లూ మేలుకున్నాం. పొద్దున తలుపు తీస్తే వీధిలో ఒక్క చెట్టు నిలబడి లేదు. మన ఊళ్లో పదేళ్లు దాటిన ప్రతి ఇంటికీ ఇలాంటి కథ ఒకటుంటుంది. కానీ ఆ తుఫాను మన మీదికి వచ్చే ముందు ఎక్కడ తిరిగిందో గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. అది అండమాన్ దీవుల మీదుగానే వచ్చింది.

సరిగ్గా మరుసటి ఏడు, 2014లో, మళ్లీ అక్టోబర్ 12నే హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. అది కూడా నాలుగు రోజుల ముందు, అంటే 8వ తేదీన, అండమాన్‌లోని లాంగ్ ఐలండ్ దగ్గర దీవుల్ని దాటి వచ్చిందే. మన కుర్రాళ్లు గీసిన మ్యాపులో నాలుగో రోజు రాత్రి పడవ నిలిపేది ఎక్కడనుకున్నారు? లాంగ్ ఐలండ్‌లోనే. 2018లో తిత్లీ అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం తాకింది. మూడు తుఫాన్లు, మూడూ రెండు తేదీల మధ్యే. ఇది జాతకం కాదు. నైరుతి వెనక్కి మళ్లి ఈశాన్యం నిలదొక్కుకునే సంధికాలంలో బంగాళాఖాతం ఇలాగే ఉంటుంది. అండమాన్ సముద్రం ఈ వాయుగుండాలకు పురుడు పోసే చోటు. మనం ఆ పురిటిగదిలోకి తెరచాప వేసుకుని వెళ్దామంటున్నాం.

"వాతావరణ శాఖ ముందే చెప్తుంది కదా" అని కార్యదర్శి గారు అన్నారు. చెప్తుంది, ఇప్పుడు చాలా బాగా చెప్తుంది. ఫైలిన్‌లో లక్షలమందిని ముందే తరలించగలిగారంటే అందువల్లే. కానీ హెచ్చరిక వచ్చాక మనం ఎక్కడికి పోతాం? విమానం టికెట్టు ఆరో రోజుకి ఉంటుంది, పడవ చూస్తే గంటకు తొమ్మిది కిలోమీటర్లు నడుస్తుంది. 2016 డిసెంబర్‌లో, తర్వాత వర్దాగా మారిన ఆ వాయుగుండానికి హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నౌకాదళం, వైమానిక దళం వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. వాళ్లు పెద్ద ఫెర్రీల మీద వెళ్లినవాళ్లు, హోటళ్లలో గట్టి కప్పు కింద ఉన్నవాళ్లు. మన కప్పు మాత్రం పడవదే.

ఇంకొకరు, "చిలికలో ఎన్నిసార్లు కాళీజాయికి వెళ్లలేదు, ఇదీ అలాంటిదే" అన్నారు. ఆ మాటకి నిజంగా భయపడ్డాను. చిలిక చాలా చోట్ల మనిషి నిలబడితే తల పైన ఉండే సరస్సు. అలాంటి సరస్సులోనే పెళ్లికూతురి పడవ గాలివానకి మునిగిపోయిందని, ఆ అమ్మాయే కాళీజాయిగా వెలిసిందని మనవాళ్లు కథ చెప్పుకుంటారు. దండం పెట్టి కొబ్బరికాయ కొట్టి వచ్చేస్తాం గానీ, ఆ కథ ఎందుకు పుట్టిందో ఒక్కసారైనా ఆలోచించామా?

సరే, దసరా వద్దు. ఎప్పుడు మరి? జనవరి చివరి వారం నుంచి మార్చి వరకు. ఈశాన్య గాలి అప్పటికి మెత్తబడుతుంది, తెరచాపకి చాలినంత ఉంటుంది, కెరటం తగ్గుతుంది, నీళ్లు తేటపడతాయి. ఏప్రిల్‌కి గాలి పడిపోతుంది, అప్పుడు పేరుకే తెరచాప పడవ, నడిచేది ఇంజను మీద. వేసవి సెలవులు బాగుంటాయని అనుకోవచ్చు. కానీ నైరుతి కేరళ కంటే ముందే అండమాన్ చేరుతుంది, మే మూడో వారానికల్లా వానలు మొదలైనట్టే. పైగా 2019లో ఫణి పూరీ దగ్గర తీరం దాటింది మే 3న. పిల్లల పరీక్షల ఇబ్బంది నాకూ తెలుసు. పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్లు ఈసారికి ఆగాలి. మిగిలినవాళ్లు జనవరి 26 సెలవుకి అటూ ఇటూ నాలుగు రోజులు కలుపుకోవచ్చు. బడిలో సెలవు అడగడం కష్టమే, కానీ సముద్రాన్ని సెలవడగడం కంటే తేలిక.

తేదీ తర్వాత నన్ను కలవరపెట్టింది ఆ ప్రణాళిక కాగితం. "మొదటి రోజు నీల్, మధ్యాహ్నం భోజనం తర్వాత హేవ్‌లాక్, సూర్యాస్తమయం రాధానగర్ బీచ్‌లో" అని బస్సు టూరులా రాశారు. (ఈ దీవుల పేర్లు 2018లోనే షహీద్ ద్వీప్, స్వరాజ్ ద్వీప్ అని మారాయి. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024 నుంచి శ్రీ విజయపురం. టికెట్ల మీద పేరు చూసి కంగారు పడకండి.) పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ సుమారు 40 కిలోమీటర్లు. మామూలు గాలికి తెరచాప పడవ అయిదు నాట్లు నడిచిందనుకుంటే నాలుగున్నర గంటలు. గాలి ఎదురైతే అటూ ఇటూ మెలికలు తిరుగుతూ పోవాలి, దూరం ఇంకో సగం పెరుగుతుంది.

పొద్దు సంగతి కూడా ఎవరూ చూసినట్టు లేదు. అండమాన్ మనకు బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం ఒకటే. ఫిబ్రవరిలో కూడా అయిదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. పగడపు దిబ్బల మధ్యకి పడవ పోనిచ్చేటప్పుడు సూర్యుడు నెత్తి మీద ఉండాలి. అప్పుడే నీటి రంగు చూసి దిబ్బ ఎక్కడుందో తెలుస్తుంది. ఎండ ఎదురుగా కళ్లలో పడితే అంతా వెండిరేకులా మెరుస్తుంది, కింద ఏముందో కనపడదు. అంటే మూడు గంటలకల్లా లంగరు పడాలి. తెల్లవారగానే బయల్దేరాలి, రోజుకి ఒక్క దీవి. ఆరు రోజుల్లో ఒక రోజు పూర్తిగా ఖాళీ వదలాలి, గాలి బాగాలేకపోతే కదలకుండా కూర్చోవడానికి. విమానం ముందు రోజు రాత్రి ఎట్టి పరిస్థితుల్లోనూ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. ఈ లెక్కన చూస్తే నీల్, హేవ్‌లాక్, ఓపికుంటే లాంగ్ ఐలండ్. అంతే. బారెన్ దీవిలో అగ్నిపర్వతం చూడాలని మన ఇంజనీరు గారికి మహా సరదాగా ఉంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి అది 135 కిలోమీటర్ల పైనే. ఒక వైపే పదిహేను గంటలు, రాత్రి నడిసముద్రంలో. దీవి మీద కాలు పెట్టనివ్వరు, దూరం నుంచి చూసి రావడమే. మోకాళ్ల నొప్పులున్న మన పిన్నిగార్లతో ఆ పని వద్దు.

మనుషుల లెక్క. ఇరవై రెండు మంది పేర్లు ఇచ్చారు. రాత్రి పడుకునే తెరచాప పడవలో ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది. "సర్దుకుందాం" అనే మాట రైల్లో చెల్లుతుంది. లైఫ్ జాకెట్లు లెక్క ప్రకారమే ఉంటాయి, వాటిలో ఇద్దరు దూరలేరు. మంచినీళ్లు చూడండి: తాగడానికి, వంటకి, ఒంటి మీది ఉప్పు కడుక్కోవడానికి మనిషికి రోజుకి పది లీటర్లు పొదుపుగా వాడినా, ఎనిమిది మందికి ఆరు రోజులకి 480 లీటర్లు. మనింట్లో ఒక్క పూట స్నానాలకి వాడే నీళ్లవి. నా సూచన: ఎనిమిదేసి మంది చొప్పున రెండు జట్లు పడవలో. ఊగుడు పడనివాళ్లు ఫెర్రీలో వచ్చి హేవ్‌లాక్‌లో బస చేయడం, సాయంత్రాలు అందరూ ఒడ్డున కలుసుకోవడం. ఇందులో ఎవరికీ చిన్నతనం లేదు. వాంతుల మాత్ర పడవ కదలక ముందే వేసుకోవాలి, కదిలాక వేసుకుంటే అదీ వాంతిలోనే పోతుంది. డాక్టర్ గారిని అడిగి తెచ్చుకోండి.

అమెరికా నుంచి వచ్చే మన పిల్లలకి ఒక మాట ఇప్పుడే చెప్పండి. ట్రెక్కింగ్‌కి వాడే శాటిలైట్ మెసేజ్ పరికరాలు అక్కడ మామూలు, ఇక్కడ అనుమతి లేకుండా అలాంటివి పెట్టుకోవడం నేరం. ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక దీవుల్లో ఫోన్లు మెరుగయ్యాయి గానీ, దీవికీ దీవికీ మధ్య సిగ్నల్ ఉంటుందని నమ్ముకోకూడదు. పడవలో పనిచేసే వీహెచ్ఎఫ్ రేడియో ఉందా, 16వ ఛానల్ మీద సరంగు మాట్లాడి చూపిస్తాడా అని బయానా ఇచ్చే ముందే అడగాలి. కోస్ట్ గార్డ్ నంబరు 1554 అందరి ఫోన్లలోనూ ఉండాలి.

ఇక ఆ సెంటినెల్ మాట. "దూరం నుంచి ఒక ఫోటో తీసుకుని వచ్చేద్దాం, ఎవరికి తెలుస్తుంది" అని నవ్వుతూనే అన్నారు, నేనూ అప్పుడు నవ్వాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. నార్త్ సెంటినెల్ చుట్టూ అయిదు నాటికల్ మైళ్లు, అంటే తొమ్మిది కిలోమీటర్ల పైన, ఎవరూ పోకూడదు. 1956 నుంచి చట్టం ఉంది. 2018లో ఒక అమెరికన్ అక్కడికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. అతన్ని పడవలో తీసుకెళ్లిన మత్స్యకారులు అరెస్టయ్యారు. 2025లో ఇంకో అమెరికన్ దిగి వచ్చి పట్టుబడ్డాడు. చుట్టపుచూపుగా వెళ్లినవాడి సరదాకి పడవవాడి బతుకు పోతుంది. మనం తెచ్చే ఒక జలుబు అక్కడివాళ్లకి ఏం చేస్తుందో వేరే చెప్పాలా? ఈ మాట మళ్లీ వస్తే నా పేరు కొట్టేయండి. ఒడ్డున ఏరుకొచ్చే పగడాల ముక్కలూ అంతే, 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. పూజగదిలో పెట్టుకుంటామన్నా ఒప్పుకోరు.

చివరిగా నన్ను చాలా రోజులుగా తొలుస్తున్న సంగతి. ఈ ప్రయాణం గురించి మనం ఎవర్ని అడిగాం? ఒక ఏజెంటుని, నాలుగు వీడియోల్ని. పోయిన వారం గోపాల్‌పూర్ వెళ్లి తెలిసిన ఒక నోలియా పెద్దాయన్ని కలిశాను. డెబ్బై దాటాయి, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆయన తమ్ముడి కుటుంబం అండమాన్‌లోనే వేటకి పోతుందట. మన పథకం చెప్పి, దసరాకి వెళ్తాం అన్నాను. ఆయన వల కుడుతూ తల ఎత్తకుండా, "బాబూ, ఆ నెల్లో మా వోళ్లే ఒడ్డు కనపడే దాకానే పోతారు" అన్నాడు. తర్వాత, సరంగు ఎన్నేళ్లుగా అక్కడ తిరుగుతున్నాడో అడగమన్నాడు. "వద్దు అంటే ఆగే మనుసులేనా మీరు?" అని కూడా అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను.

2011 లెక్కల ప్రకారం ఆ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. శ్రీకాకుళం వైపు నుంచి పోయి స్థిరపడ్డవాళ్లు ఎందరో. అక్కడి నీళ్ల గురించి మన భాషలోనే చెప్పగలిగినవాళ్లు ఉండగా మనం ఇంగ్లీషు బ్రోచర్ పట్టుకుని కూర్చున్నాం. ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న గోపాల్‌పూర్ నుంచి మన సంఘంలో ఒక్క నోలియా కుటుంబం కూడా సభ్యత్వంలో లేదు. మనం అడగలేదు, వాళ్లు రాలేదు. ఉగాదికి వేదిక మీద "ఒడిశాలో తెలుగువారందరూ" అని ఉపన్యాసాలు చెప్పేది నాతో సహా మనమే.

వచ్చే ఆదివారం మూడు తీర్మానాలు పెడుతున్నాను. తేదీ జనవరి చివరికి మార్చాలి. పడవ కదలాలా ఆగాలా అన్నది సరంగు మాటే ఆఖరు అని, ఆగిపోతే డబ్బు గురించి అతనితో గొడవ పెట్టుకోమని అందరూ కాగితం మీద సంతకం పెట్టాలి. బయానా కట్టే ముందు గోపాల్‌పూర్ పెద్దాయన్ని సమావేశానికి పిలవాలి. దారి ఖర్చులు నేను పెట్టుకుంటాను. ఆయన గురువారాలు తప్ప ఎప్పుడైనా వస్తానన్నాడు. టీలు మాత్రం ఈసారి ఆయన మాట్లాడాకే ఇప్పించండి.