ఫార్వర్డుల దయపై ఇంకెంతకాలం?

ఉపకార వేతనం గడువు ముగిసిన మరునాడు ఆ సంగతి తెలుసుకునే తండ్రులు మన బస్తీలకు కొత్త కాదు. చిత్తూరు, పుంగనూరు, పలమనేరు, తిరుపతి, ఊరేదైనా తంతు ఒక్కటే. ప్రకటన ఎప్పుడో వెలువడి ఉంటుంది. అది నాలుగు వాట్సాప్ గ్రూపులు తిరిగి మనదాకా వచ్చేసరికి తేదీ ఊడిపోయి, మూలం చెరిగిపోయి, అడుగున ఎవరిదో నెట్ సెంటర్ నంబరు మాత్రం మిగులుతుంది.

2022లో కేంద్రం మైనారిటీల ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని 9, 10 తరగతులకే పరిమితం చేసింది. అదే ఏడాది మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను నిలిపివేసింది. 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ ప్రారంభమైంది. వక్ఫ్ ఆస్తుల నమోదుకు ఇచ్చిన గడువు ఆరు నెలలే. ఇటువంటి నిర్ణయాలను ప్రతిఘటించడం మన హక్కు. కానీ నిర్ణయం వెలువడిన వార్తే సకాలంలో అందని సమాజం దేనిని ప్రతిఘటించగలదు?

దీనికి పాతికేళ్లుగా ఒక మార్గం ఉంది. పేరు ఆర్‌ఎస్‌ఎస్. ఉలిక్కిపడనక్కరలేదు, నాగపూర్‌తో దీనికి సంబంధం లేదు! ఇది 1999లో పుట్టిన సాంకేతిక పద్ధతి. ఈ మూడక్షరాలకు ఇక్కడ అర్థం 'రియల్లీ సింపుల్ సిండికేషన్'. మన వీధుల్లో దీన్ని 'ఫీడ్' అని పిలిస్తే చాలు, సగం గొడవ తీరుతుంది. ఒక వెబ్‌సైటు తన కొత్త ప్రకటనల శీర్షికలను, తేదీలను, లంకెలను ఒక చిన్న జాబితాగా ఉంచుతుంది. మన ఫోనులోని ఫీడ్ రీడర్ అప్పుడప్పుడూ వెళ్లి ఆ జాబితా చూసి, కొత్తవి మన ముందు పెడుతుంది. ఏది చూపాలో, ఏది దాచాలో మధ్యలో ఏ కంపెనీ నిర్ణయించదు. 'ఫీడర్' వంటి ఉచిత యాప్‌కు ఖాతా కూడా అవసరం లేదు.

హదీసు పండితులు మాట కంటే ముందు ఉల్లేఖకుల పరంపరను పరీక్షించారు. ఎవరి నుండి ఎవరు విన్నారు అని శతాబ్దాల పాటు అడిగిన సమాజం, ఈనాడు ఊరూపేరూ లేని ఫార్వర్డును నమ్మి పరుగులు తీయడం కంటే విడ్డూరం ఉంటుందా? వదంతుల వల్ల ప్రాణాలు పోయాకనే కదా, 2018లో వాట్సాప్ భారతదేశంలో ఫార్వర్డును ఐదు చాట్‌లకు కుదించింది!

"మనవాళ్లకు ఇవన్నీ అర్థం కావు" అనే పెద్దమనుషులున్నారు. సమాచారం తమ గుప్పిట్లో ఉన్నంతకాలం ఆ మాట వారికి సౌకర్యమే. ఒకప్పుడు కంప్యూటర్‌లో తెలుగు గురించీ ఇదే మాట అన్నారు. ఈ-తెలుగు స్వచ్ఛంద కార్యకర్తలు హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చినవారికి తెలుగులో టైపు చేయడం చూపించారు. ఎక్కడెక్కడి తెలుగు బ్లాగుల కొత్త రాతలనూ ఒకచోట చేర్చిన 'కూడలి' నడిచింది ఈ ఫీడ్‌ల మీదనే.

మన మొహల్లాకు ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు ముందుకొస్తే చాలు. జుమా తర్వాత అరగంట మస్జిద్ గదిలో, మహిళలకు ఏదో ఒక ఇంట్లో. తెలుగులోనూ, దక్కనీలోనూ చెప్పాలి. పాఠం సాంకేతిక పదాలతో మొదలైతే వచ్చినవారు రెండోసారి రారు, "మీ అమ్మాయి స్కాలర్‌షిప్ ప్రకటన ఎక్కడ వస్తుంది?" అన్న ప్రశ్నతో మొదలవ్వాలి. కేంద్ర ప్రకటనల కోసం పత్రికా సమాచార కార్యాలయం ఫీడ్, ఒక తెలుగు దినపత్రికది, ఒక న్యాయ వార్తల సైటుది, తొలి రోజుకు ఈ మూడూ సరిపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఫోను నేర్చుకునేవారి చేతిలోనే ఉండాలి. మనమే లాక్కుని నొక్కి తిరిగిచ్చేస్తే, మరో దళారీని తయారుచేసినట్టే.

చాలా ప్రభుత్వ సైట్లలో ఫీడ్ లేదన్నది నిజమే. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పింఛను అర్జీలు తీసుకువెళ్తున్నాం. మైనారిటీ సంక్షేమ శాఖ, వక్ఫ్ బోర్డు ప్రకటనలకు ఫీడ్ ఏర్పాటు చేయమని కూడా ఒక అర్జీ ఇద్దాం. రసీదు తీసుకోవడం మరవకండి.