రెండు పేర్లు, ఒక తావీల్

రామగిరి ఖిల్లాకి దగ్గర్లో, సెంటినరీ కాలనీలో చిన్నప్పుడు మా దోస్తుల మధ్య ఒక పెద్ద బహస్ నడిచేది. అసలు బేతాళ కథలు ఇరవై అయిదే. ఆఖరి దానికి రాజు జవాబు చెప్పలేక ఊరుకుంటాడు, దాస్తాన్ ఖతం. మరి ‘చందమామ’లో ఇన్నేళ్లయినా విక్రమార్కుడు ఆ శవాన్ని ఎందుకు మోస్తున్నాడు? ఇతను విక్రమార్కుడి కొడుకురా అన్నాడొకడు. రాజుకి కథల షౌక్ పట్టింది, చెట్టెక్కితే ఎక్కనీ అని కావాలనే నోరు తెరుస్తున్నాడని నా వాదన.

ఇలా సర్దిచెప్పడాన్ని మేం తావీల్ అంటాం. మార్వెల్ కామిక్స్ సంపాదకుడు స్టాన్ లీ 1960లలో దీనికి ఇనామే పెట్టాడు. పేరు ‘నో-ప్రైజ్’. బొమ్మల కథలో గల్తీ పట్టుకుని, అది గల్తీ ఎందుకు కాదో కూడా చెప్పిన పాఠకుడికి పోస్టులో లిఫాఫా వచ్చేది. లోపల ఏమీ ఉండదు, ఖాళీ! ఆయన గల్తీలూ తక్కువేం కాదు. హల్క్‌గా మారే బ్రూస్ బ్యానర్‌ని 1964లో మరిచిపోయి బాబ్ బ్యానర్ అని రాసేశాడు. పాఠకులు ఊరుకుంటారా? చివరికి అతని పూర్తి పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్ అన్నాడు. రాబర్ట్‌ని వాళ్లు బాబ్ అనే పిలుస్తారు కదా. ఆ పేరే ఖాయమైపోయింది.

అది చదివి నవ్వుకున్నాను. తర్వాత అబ్బా గుర్తొచ్చాడు.

అబ్బాకీ రెండు పేర్లు. ఇంట్లో ఒకటి, బాయి హాజరుపట్టీలో ఇంకొకటి. ఒక చుట్టం పేరు మీద నౌకరీ దొరికింది. బొగ్గుబాయిల్లో ఇలా మారుపేర్లతో బతుకు వెళ్లదీసినవాళ్లు మా దిక్కు ఎంతోమంది. బళ్లో సార్ నా ఫారాన్నీ అబ్బా జీతం చీటీనీ పక్కపక్కన పెట్టి సవాల్ చేస్తే, “రెండూ మా అబ్బావే సార్, ఒకటి పగటి షిఫ్టుకి, ఒకటి రాత్రి షిఫ్టుకి” అన్నాను. క్లాసంతా నవ్వింది. నాకైతే అప్పుడది నిజమే అనిపించింది.

అందుకే ఈ అభిమానుల్ని పనిలేనోళ్లంటే నేనొప్పుకోను. కథంటే మొహబ్బత్ లేనివాడు గల్తీ కనిపించగానే పుస్తకం పక్కన పడేస్తాడు. ఉన్నవాడు రాత్రంతా మేలుకుని అతుకు వేస్తాడు. రాసినవాడి తప్పును ఖుషీగా తన నెత్తిన పెట్టుకుంటాడు. కాగితాల దగ్గరికొస్తే మాత్రం ఈ ఖుషీ ఉండదు. అక్కడ తావీల్ చెప్పుకోవాల్సింది ఎప్పుడూ గరీబోళ్లే. విన్నవాళ్లు ఖాళీ లిఫాఫా కూడా ఇవ్వరు.

అబ్బా పోయాక పింఛను కోసం అమ్మీ ఒక దఫ్తర్ చుట్టూ తిరిగింది. రెండు పేర్లూ ఒకే మనిషివని సబూత్ తెమ్మన్నారు. అఫిడవిట్ ఇచ్చాం. ఇంకొకటి అడిగారు, అదీ ఇచ్చాం. ఓ రోజు అమ్మీ కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

“పేర్లు రెండుంటే ఏంది సాబ్, దగ్గు ఒక్కటే కదా ఆయనకు.”

గుమాస్తా తలెత్తలేదు. సోమవారం రమ్మన్నాడు.